సరుకంతా సిద్ధం, నవలే బాకీ

ఉద్యోగాలు చేసి, పదవులు ఏలి, సంసారాలు ఈది, ఆ తరువాత తొలి నవల రాసినవాళ్లున్నారు. వాళ్లకు కొరత పడింది అనుభవం కాదు.

1932లో లాస్ ఏంజెలిస్‌లో ఒక చమురు కంపెనీ తన వైస్ ప్రెసిడెంటును ఇంటికి పంపించింది. విపరీతమైన తాగుడు, చెప్పాపెట్టకుండా ఆఫీసు ఎగ్గొట్టడం కారణాలు. మనిషికి నలభై నాలుగేళ్లు. లెక్కలు రాసే గుమస్తాగా చేరి అంతవరకు ఎదిగినవాడు. దేశమంతా మాంద్యంలో మునిగి ఉంది, మళ్లీ అలాంటి కుర్చీ దొరికే ఆశ లేదు. అప్పుడాయన చవక కాగితం మీద అచ్చయ్యే క్రైం కథల పత్రికలు చదవడం మొదలుపెట్టాడు. పెర్రీ మేసన్‌ను సృష్టించిన ఎర్ల్ స్టాన్లీ గార్డనర్ కథ ఒకటి తీసుకుని, దాని సారాంశం రాసి పెట్టుకుని, పత్రిక మూసేసి, తన మాటల్లో మళ్లీ రాసి అసలుతో పోల్చి చూసుకున్నాడు. పెద్ద హోదా వెలగబెట్టినవాడు పలక పట్టుకుని అక్షరాలు దిద్దుకున్నట్టే. తొలి కథకు అయిదు నెలలు పట్టింది. మాటకు ఒక సెంటు చొప్పున 180 డాలర్లు చేతికొచ్చాయి. 1933 డిసెంబరులో 'బ్లాక్ మాస్క్' దాన్ని వేసింది. తొలి నవల 'ది బిగ్ స్లీప్' 1939లో వచ్చేనాటికి రేమండ్ చాండ్లర్‌కు యాభై ఏళ్లు.

ఇలాంటి కథలకు 'కలను వెంటాడిన మనిషి' అని శీర్షిక పెట్టడం మా పత్రికలవాళ్లకు అలవాటు. చాండ్లర్ ఏ కలనూ వెంటాడలేదు, ఇంటి ఖర్చే ఆయన వెంటపడింది. ఆలస్యంగా నవలాకారులైనవాళ్ల జీవితాలు వరసగా చదువుకుంటూ పోతే ఒక సంగతి తెలుస్తుంది. శుభ్రంగా సర్వీసు ముగించి, వీడ్కోలు సభలో దండ వేయించుకుని, మర్నాడు కాఫీ తాగి 'ఇక నవల మొదలుపెడదాం' అని కూర్చున్నవాళ్లు వాళ్లలో తక్కువ. చాలామందికి ఏదో ఒక తలుపు మొహం మీదే మూసుకుపోయింది. పోర్చుగల్‌లో జోసె సరమాగో 1975 నవంబరులో, రాజకీయం తిరగబడ్డ పూట, దినపత్రికలో చేస్తున్న పెద్ద ఉద్యోగం పోగొట్టుకున్నాడు. వేరే పని దొరికే దారి కనిపించలేదు. యాభై మూడేళ్ల వయసులో రాయడమే పనిగా పెట్టుకున్నాడు. ప్రపంచానికి ఆయన పేరు తెలిపిన నవల 1982లో వచ్చింది, నోబెల్ 1998లో. మన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు డబ్లిన్‌లో చదివొచ్చిన బారిస్టరు. పల్నాటి పుల్లరి సత్యాగ్రహంలో జైలుకు పోకుండా గుంటూరులోనే సభలూ సంస్థలూ నడుపుకుంటూ ఉండిపోతే ఆయనకు 'మాలపల్లి' రాసే తీరిక ఎక్కడ దొరికేది? రాయవేలూరు జైల్లో రాశారు. 1922లో అచ్చు మొదలయ్యేనాటికి ఆయన నలభై అయిదుకు దగ్గరపడ్డారు.

సొంత ఇష్టంతో తలుపు వేసుకుని కూర్చున్నవాడూ ఒకడున్నాడు. జర్మనీలో థియోడోర్ ఫోంటానె కుర్రతనంలో మందుల దుకాణంలో మందులు కలిపాడు, తరువాత విలేకరి అయ్యాడు. యుద్ధ వార్తల కోసం ఫ్రాన్సు వెళ్లి గూఢచారి అన్న అనుమానంతో పట్టుబడ్డాడు. 1876లో బెర్లిన్ కళా అకాడమీలో కార్యదర్శి ఉద్యోగం వచ్చింది. కొన్ని నెలలకే రాజీనామా చేసేశాడు. యాభై ఆరేళ్ల వయసులో గవర్నమెంటు ఉద్యోగం వదిలేస్తానంటే మన ఇళ్లలో ఏం జరుగుతుందో ఫోంటానె ఇంట్లోనూ అదే జరిగింది. రెండేళ్లకు తొలి నవల వచ్చింది. జర్మన్ పిల్లలు ఇప్పటికీ బడుల్లో చదువుకునే 'ఎఫీ బ్రీస్ట్' పుస్తకంగా వచ్చేనాటికి ఆయనకు డెబ్భై అయిదు.

వీళ్లలో ఎవరూ సున్నా దగ్గర మొదలుపెట్టలేదన్నది ఇంకో సంగతి. చాండ్లర్ ఇరవైలలో లండన్ పత్రికలకు పద్యాలు, వ్యాసాలు రాశాడు. సరమాగో 1947లోనే ఒక నవల అచ్చేశాడు. 1953లో ఇంకొకటి ప్రచురణకర్తకు పంపితే అవుననీ కాదనీ జవాబే రాలేదు. 1989లో, రచయితకు పేరొచ్చాక, అదే సంస్థ దగ్గర ఆ రాతప్రతి దొరికింది, వేస్తామన్నారు. తాను బతికుండగా వద్దన్నాడు. ఆయన పోయాకే, 2011లో, అది వెలుగు చూసింది. నలభై ఏళ్లు ఒక్క వాక్యం రాయకుండా, ఒక్క పుస్తకం చదవకుండా గడిపి, పింఛను కాగితాలు చేతికందిన నాటినుంచి నవలాకారుడైపోయిన మనిషి నాకైతే ఎక్కడా తగల్లేదు.

దివాన్‌గారి దస్త్రాలు

మన పొరుగున ఒడిశాలో జరిగిన కథ ఇంకా రుచిగా ఉంటుంది. 1843లో బాలేశ్వర్‌లో పుట్టిన ఫకీర్ మోహన్ సేనాపతి బడిపంతులుగా మొదలై, అచ్చుయంత్రం తెప్పించి ప్రెస్సు నడిపి, ఆపైన పాతికేళ్ల పాటు ఒక సంస్థానం నుంచి ఇంకో సంస్థానానికి దివాన్‌గా, మేనేజరుగా తిరిగారు. శిస్తు బకాయిలు, సరిహద్దు తగాదాలు, దొంగ దస్తావేజులు, రాజులు చేసిన అప్పులు, వాటికి రాయించిన పత్రాలు అన్నీ ఆయన బల్ల మీదుగానే పోయేవి. 1891లో కేంఝర్ సంస్థానంలో భూయా గిరిజనులు రాజు మీద తిరగబడితే దివాన్‌గారు వాళ్ల చేతికి చిక్కారు. పైకి తోట పనుల గురించి రాసినట్టు కనిపించే సంకేతపు ఉత్తరం ఒకటి బయటికి పంపించి గండం గడిచి బయటపడ్డారని చెబుతారు. మరొకరైతే ఆ ఒక్క సంఘటన మీదే మూడు సంపుటాలు రాసేవారు.

ఫకీర్ మోహన్ రాయలేదు. 1896లో కొలువులు చాలించి కటక్ చేరారు. మరుసటి ఏడాది 'ఉత్కళ సాహిత్య' పత్రికలో ధూర్జటి అన్న మారుపేరుతో ఒక ధారావాహిక మొదలైంది. పేరు 'ఛ మాణ ఆఠ గుంఠ'. ఆరు మాణాల ఎనిమిది గుంటల చెక్క అని అర్థం. పాతికేళ్లలో వేలాది ఎకరాలు చేతులు మారడం చూసిన దివాన్ ఆ ఒక్క చెక్కనే ఎంచుకున్నారు. రామచంద్ర మంగరాజ్ అనే జమీందారు. భగియా, సారియా అనే సాలె దంపతులు. వాళ్ల భూమి, వాళ్ల ఆవు. పిల్లల్లేని ఆ ఇల్లాలి ఆశను పట్టుకుని కాగితాల మీదుగా ఆ భూమిని ఎలా లాగేశారన్నదే కథ. చివరికి మంగరాజ్ ఆస్తిని ఒక వకీలు లాగేసుకుంటాడు.

దివాన్‌గిరీ ఆయనకు ఇచ్చింది కథ ఒక్కటే అయితే అంత గొప్పేమీ లేదు, భూకబ్జా కథ ఊరికొకటి దొరుకుతుంది. ఆ ఉద్యోగం ఒక గొంతునిచ్చింది. నవల చెప్పే కథకుడు జమీందారును పొగుడుతూనే ఉంటాడు. ఏకాదశి ఉపవాసాల గురించి, దానధర్మాల గురించి ఎంతో భక్తిగా చెబుతాడు, చదువుతున్నవాడికి ఒళ్లు మండుతుంది. కచేరీలో రాసే అర్జీలు, వాంగ్మూలాలు, విచారణ రికార్డులు ఎలా అబద్ధాన్ని నిజంలా నిలబెడతాయో ఎరిగినవాడికి తప్ప ఆ గొంతు పట్టుబడదు. విచారణ ఘట్టం పత్రికలో వస్తున్న రోజుల్లో మంగరాజ్ కేసు చూద్దామని పల్లెల నుంచి జనం కటక్ కచేరీకి వచ్చారట. అప్పటికి ఆయనకు యాభై అయిదు దగ్గర. ఒడియా సాహిత్యంలో ఆధునిక నవల అనగానే నేటికీ మొదట తలుచుకునేది ఆ పుస్తకాన్నే.

పడవ మునిగాక

పెనెలపీ ఫిట్జ్‌జెరల్డ్ గురించి తెలుగులో రాసింది తక్కువ. ఆలస్యంగా రాయడం గురించి ఏ పుస్తకమూ నేర్పనిది ఆమె జీవితం నేర్పుతుంది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

1916లో పుట్టింది. తండ్రి 'పంచ్' హాస్యపత్రిక సంపాదకుడు. ఆక్స్‌ఫర్డ్‌లో ఫస్ట్ క్లాసు. యుద్ధకాలంలో బీబీసీలో ఉద్యోగం. న్యాయవాద వృత్తి కోసం చదువుతూ సైన్యంలో చేరినవాడితో పెళ్లి, ముగ్గురు పిల్లలు, భర్తతో కలిసి కొన్నాళ్లు ఒక సాహిత్య పత్రిక నడపడం. ఇలాంటమ్మాయి ముప్పైలోపే నవలలు రాస్తుందని ఎవరైనా అనుకుంటారు. పత్రిక మూతపడింది. భర్త తాగుడుకు బానిసయ్యాడు. సంతకాలు ఫోర్జరీ చేసి చెక్కులు మార్చుకున్నందుకు 1962లో న్యాయవాద వృత్తి నుంచి ఆయన్ను వెలివేశారు. అద్దె కట్టలేక థేమ్స్ నది మీద ఒక పాత సరుకుల పడవలో కాపురం. ఆ పడవ మునిగిపోయింది, పుస్తకాలు, ఉత్తరాలు, సామాన్లతో సహా. కొన్ని నెలలు ఇల్లులేనివాళ్ల ఆశ్రయంలో, ఆ తరువాత ఏళ్ల తరబడి మునిసిపాలిటీ ఇచ్చిన ఫ్లాటులో. ఇంటికి ఆధారం ఆమె పంతులమ్మ జీతమే. నటన నేర్పే పిల్లల బడిలో, ట్యుటోరియల్ కాలేజీలో పాఠాలు చెప్పింది, డెబ్భై దరిదాపుల దాకా పేపర్లు దిద్దుతూనే ఉంది.

తొలి పుస్తకం 1975లో వచ్చింది, ఒక చిత్రకారుడి జీవితచరిత్ర. తొలి నవల 'ది గోల్డెన్ చైల్డ్' 1977లో. క్యాన్సర్‌తో మంచం పట్టిన భర్తకు కాలక్షేపం కోసం రాసిన డిటెక్టివ్ కథ అది. అచ్చయ్యేలోపే ఆయన పోయాడు. ఆమెకు అరవై. మరుసటి ఏడాది ఒక సముద్రతీర పట్టణంలో పుస్తకాల షాపు పెట్టిన విధవరాలి కథ. ఆమె అలాంటి షాపులో పనిచేసింది. 1979లో పడవల మీద బతికేవాళ్ల కథ 'ఆఫ్‌షోర్', నూట యాభై పేజీలైనా లేదు. ఆ ఏడాది బుకర్ తుది జాబితాలో వి.ఎస్. నైపాల్ ఉన్నాడు. బహుమతి మాత్రం ఈమెకు వచ్చింది. తరువాత బీబీసీ మీద ఒకటి, పిల్లల నటనశాల మీద ఒకటి.

ఇక్కడికి ఆమె సొంత సరుకు అయిపోయింది. అరవై ఏళ్ల కష్టం, అవమానం, నీళ్లలో కలిసిన సంసారం అంతా నాలుగు సన్నని పుస్తకాల్లోకి సరిపోయింది. మామూలుగా అయితే అక్కడ ఆగిపోవాలి. అసలైన ఫిట్జ్‌జెరల్డ్ అక్కడే మొదలైంది. డెబ్భై సమీపిస్తుండగా ఇటలీ మీద రాసింది, ఆ తరువాత 1913 నాటి మాస్కోలో అచ్చుపని చేసుకునే ఒక ఇంగ్లిష్ కుటుంబం మీద, ఆపైన కేంబ్రిడ్జి మీద. 1995లో 'ది బ్లూ ఫ్లవర్', పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ కవి నొవాలిస్ యవ్వనం. గనుల పద్దులు, చాకిరేవు, పంటినొప్పి, పన్నెండేళ్ల పిల్ల మీద ఒక కవికి కలిగిన వింత ప్రేమ, ఇవన్నీ పొట్టి పొట్టి అధ్యాయాల్లో. ఆ పుస్తకానికి అమెరికా విమర్శకుల సంఘం బహుమతి వచ్చేసరికి ఆమెకు ఎనభై దాటాయి. తాను ఎన్నడూ బతకని బతుకుల మీద ఆమె రాసిన ఈ నాలుగు నవలలనే విమర్శకులు ఎక్కువగా మెచ్చుకుంటారు. సొంత కథను తొందరగా దించుకున్నాకే చేతులు ఖాళీ అయ్యాయి.

ఆడవాళ్ల విషయంలో 'ఆలస్యం' అన్న మాటను నేను కాస్త అనుమానంగానే వాడతాను. ఫిట్జ్‌జెరల్డ్ ఆలస్యం చేసిందా? మూడు పూటలా వంట, ముగ్గురు పిల్లల ఫీజులు, తాగొచ్చే మొగుడు, పొద్దున్నే బడి. ఆమె ఆలస్యం చేయలేదు, ఆమెను ఆపారు.

ఏడు వందల పేజీల పీవీ

తెలుగువాళ్లలో ఈ వరసలో అందరికన్నా పెద్ద పేరు పాములపర్తి వేంకట నరసింహారావు గారిది. 1998లో 'ది ఇన్‌సైడర్' వచ్చేనాటికి ఆయనకు డెబ్భై ఆరు దాటాయి. ప్రధాని పదవి పోయి రెండేళ్లు. ఆ ఏడాది ఎన్నికల్లో సొంత పార్టీ టికెట్టు కూడా ఇవ్వలేదు. కోర్టు కేసులు నడుస్తున్నాయి. తలుపులన్నీ మూసుకున్నాయి అనడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ఉండదు. నవలను మాత్రం ఆయన అంతకు చాలా ముందునుంచే రాసుకుంటూ వచ్చారు.

ఆయనా సున్నా దగ్గర మొదలైనవారు కారు. విశ్వనాథ 'వేయిపడగలు'ను హిందీలోకి 'సహస్రఫణ్' పేరుతో తెచ్చారు. హరి నారాయణ్ ఆప్టే మరాఠీ నవలను 'అబల జీవితం'గా తెలుగు చేశారు. అంతకు ముందు వరంగల్‌లో పాములపర్తి సదాశివరావు గారితో కలిసి కాకతీయ పత్రిక నడిపారు. అందులోనే 1949లో, మారుపేరుతో, 'గొల్ల రామవ్వ' అన్న కథ రాశారు. నిజాం పోలీసులకు చిక్కకుండా ఒక కుర్రాణ్ణి తన గుడిసెలో దాచిన ముసలమ్మ కథ. కొద్ది పేజీలే. రామవ్వ మాట, భయం, తెగువ అన్నీ అందులో ఉన్నాయి.

'ఇన్‌సైడర్' ఏడు వందల పేజీలు పైచిలుకు. తెలుగులో కల్లూరి భాస్కరం 'లోపలి మనిషి'గా అందించారు. అఫ్రోజాబాద్ అనే కల్పిత రాష్ట్రం, అక్కడ పల్లెటూరి నుంచి వచ్చి ముఖ్యమంత్రి దాకా ఎదిగే ఆనంద్. హైదరాబాద్, భూసంస్కరణలు, 1971 నుంచి 1973 దాకా ఆయనే చేసిన ముఖ్యమంత్రి పదవి పోల్చుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. బాల్యం, సంస్థానపు పల్లె, దొరల వ్యవస్థ ఉన్న పేజీలు చదివితే రామవ్వను రాసిన చెయ్యి ఇదేనని తెలుస్తుంది. ఆనంద్ అసెంబ్లీలో అడుగుపెట్టాక నెహ్రూ, ఇందిర అసలు పేర్లతోనే వచ్చేస్తారు, పార్టీ చీలికలు, తీర్మానాలు, వాటి మీద వ్యాఖ్యానం వరసగా పరుచుకుంటాయి. నవల నెమ్మదిగా ఫైలు నోటుగా మారుతుంది. చరిత్ర చదివేవాళ్లకు అదంతా బంగారమే. నవల కోసం కూర్చున్న పాఠకుడికి ఆనంద్ ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇది పీవీ గారి ఒక్కరి ఇబ్బంది కాదనే ఇంతగా చెబుతున్నాను. పెద్ద పదవిలో ఉన్నవాడికి తాను చూసిందంతా ముఖ్యమే అనిపిస్తుంది. దేన్ని వదిలినా చరిత్రకు అన్యాయం చేసినట్టే ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడికి ఆ బాధ లేదు, ఒక గుడిసె, ఒక ముసలమ్మ, ఒక రాత్రి చాలు.

శాలువాలు, అయిదు వందల కాపీలు

హైదరాబాద్‌లో త్యాగరాయ గానసభలో ఆదివారం సాయంత్రం పుస్తకావిష్కరణలకు వెళ్లేవాళ్లకు ఈ దృశ్యం తెలుసు. రిటైరైన ఇంజినీరో, బ్యాంకు మేనేజరో, డిప్యూటీ కలెక్టరో రచయిత. అయిదు వందల కాపీలు సొంత ఖర్చుతో వేయించారు. వేదిక మీద వక్తలు, ఆత్మీయ అతిథులు, శాలువాలు. హాల్లో సగంమంది బంధువులు, సగంమంది పాత సహోద్యోగులు. నవ్వడం తేలిక. ఆ పుస్తకాలు కొన్ని ఇంటికి తెచ్చుకుని చదివితే మాత్రం నవ్వు ఆగిపోతుంది. ప్రాజెక్టు కట్ట తెగిన రాత్రి గేట్ల దగ్గర ఎవరు నిలబడ్డారో, రుణమేళాలో ఎవరి పేరు మీద ఎవరు గేదెలు కొన్నారో వాటిలో ఉంటుంది. బయట ఎవరికీ తెలియని సంగతులు. అవి మూడు వందల పేజీల్లో, బదిలీ ఆర్డర్ల వరసలో, పై అధికారుల పేర్ల మధ్య ఎక్కడో ఒదిగి ఉంటాయి. చివర్న కొడుకు అమెరికా ప్రయాణం, మనవరాలి ఫొటో.

వాళ్లకు చెప్పేవాళ్లు లేకపోవడం ఒక కారణం. ఒకప్పుడు ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి వీక్లీల్లో సీరియల్ రాసేవాళ్లకు సంపాదకుడి కత్తెర ఉండేది, వారం వారం పాఠకుల ఉత్తరాలు ఉండేవి. ఫకీర్ మోహన్‌కు దొరికిన గురువూ ఆ ధారావాహికే, వచ్చే నెలకు పాఠకుణ్ణి నిలబెట్టుకోవాలంటే అనవసరమైనది దానంతటదే రాలిపోతుంది. ఇప్పుడు రాతప్రతి నేరుగా డీటీపీకి పోతోంది, తప్పొప్పులు దిద్దితే అదే ఎడిటింగ్. పోటీలు కొంతవరకు ఆ లోటు తీరుస్తున్నాయి. చంద్రలత 'రేగడి విత్తులు', అనంతపురం బడిపంతులు బండి నారాయణస్వామి 'శప్తభూమి' తానా నవలల పోటీ నుంచి వచ్చినవే, రెండోదానికి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం కూడా దక్కింది.

ఉద్యోగం ముగిసేదాకా ఆగక్కర్లేదని చూపించినవారూ మనకున్నారు. డాక్టర్ కేశవరెడ్డి గారు నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి కుష్ఠురోగుల ఆసుపత్రిలో వైద్యం చేస్తూనే రాశారు. 'అతడు అడవిని జయించాడు' ఎంత పల్చని పుస్తకం! ఒక ముసలివాడు, ఒక సుక్కపంది, ఒక అడవి. అందులో డాక్టరు కనిపించడు, ఒంటి నొప్పిని దగ్గరగా చూసిన చూపు మాత్రం ప్రతి పేజీలో ఉంటుంది.

తెలుగులో ఇంకా రాని నవలల జాబితా నా దగ్గర ఒకటుంది. గల్ఫ్‌లో పాతికేళ్లు పనిచేసి తిరిగొచ్చిన నర్సు రాయాల్సింది ఒకటి. ఆర్టీసీ డిపో మేనేజరు రాయాల్సింది ఒకటి. అన్నిటికన్నా ముందు కావాల్సింది భూరికార్డుల నవల. తెలంగాణలో 2020లో ధరణి వచ్చింది, తరువాత భూభారతి వచ్చింది. ఆ మధ్య కాలంలో కంప్యూటర్ తెరల మీద ఎవరి పేరు మాయమైంది, ఎవరి పేరు వెలిసింది అన్నది తహసీల్దార్ ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లకు తెలిసినంతగా ఏ విలేకరికీ తెలియదు. ఆ తరం ఇప్పుడు ఒక్కొక్కరుగా రిటైరవుతోంది, తెలంగాణలో అరవై ఒకటికి, ఆంధ్రలో అరవై రెండుకు. వాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మనవి. మొదటి ప్రతిలో మీకు గుర్తున్న సర్వే నంబర్లన్నీ రాసేయండి. రెండో ప్రతిలో ఒక్కటే ఉంచండి. పై అధికారి పేరు మాత్రం రెండింటిలోనూ వద్దు.